మీసం లేని మావ

మా స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు రోజూ తెనాలి నుంచి రేపల్లె బండిలో వేమూరు వస్తుంది. ఒక సోమవారం ఉదయం ఆవిడ గొడుగు మడుస్తూ, "మా వీధిలో డాన్సు మేడంగారు పోయారండీ. కామెర్లంట. పట్టించుకోక ముదరబెట్టుకున్నారు" అంది. ఏ డాన్సు మేడం అని అడిగాను. "అదేనండీ, చిన్నపిల్లల కాన్వెంటులో ఆటలూ డాన్సులూ నేర్పేవారు. పొడుగ్గా ఉంటారు. నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటారు చూడండి, ఇన్‌స్పెక్టర్లాగా" అంది. చేతులు వెనక్కి అనగానే ఎవరో తెలిసిపోయింది. బయట పిల్లలు ప్రార్థనకి వరస కట్టారు, గంట కొట్టారు, నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

ఆమె పేరు రాయను. రాస్తే ఆమె అన్నదమ్ములకి నచ్చదు. వాళ్ళకి నచ్చకపోతే నాకు పోయేదేమీ లేదు గానీ, అసలు ఆమెని పేరు పెట్టి పిలిచిన గుర్తే నాకు లేదు. ఎనభైల మొదట్లో బాపట్లలో మేం టీచర్ ట్రైనింగ్ చదివిన మిషను హాస్టల్లో అందరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. నేను వేమూరు. నా పక్క మంచం చేబ్రోలు. "చేబ్రోలు స్నానానికెళ్ళింది, వడ్లమూడికి జ్వరమొచ్చింది" అని మేం మాట్లాడుకుంటుంటే బయటివాళ్ళు వింటే ఏమనుకునేవాళ్ళో! ఆమె తెనాలి. ఇంటరయ్యాక రెండేళ్ళు ఇంట్లో కూర్చుని వచ్చింది కాబట్టి మా అందరికంటే పెద్దది. అందుకని తెనాలక్క.

తెనాలక్క అన్నం తలకిందులుగా తినేది. ముందు పెరుగన్నం, చివర్న పప్పు. ఇదేం తిండే అంటే, "ఆకలి మీద తింటేనే పెరుగు రుచి తెలిసేది. పప్పుదేముంది, ఎప్పుడైనా దిగుద్ది" అనేది. ఈల వేసేది. వరండాలో నడుస్తూ, బట్టలు ఆరేస్తూ, ఆఖరికి చర్చికి వెళ్తూ కూడా. మేట్రనమ్మగారు ఒకసారి పట్టుకుని, "ఆడపిల్లవి, ఆ ఈలలేంటే?" అని గద్దిస్తే, "పెదాలు పొడిబారాయండి. గాలి తగిలితే కాస్త తగ్గుద్దని" అంది, మొహంలో ఒక్క నరం కదలకుండా. మేట్రనమ్మగారు నవ్వాపుకోలేక వెళ్ళిపోయారు.

డాన్సంటే ప్రాణం. ఎవరూ నేర్పలేదు. మమ్మల్నందరినీ ఆదివారం మధ్యాహ్నాలు భోజనాల గదిలో బల్లలు పక్కకి లాగి నిలబెట్టి నేర్పేది. నాకు అడుగులు చచ్చినా పడేవి కావు. కుడి ఎడమయ్యేది, నాలిక్కరుచుకుని ఆగిపోయేదాన్ని. అప్పుడు నెత్తిన మొట్టేది. "అడుగు తప్పితే ఎవడికీ తెలీదే పిచ్చిమొహమా! ఆగితేనే తెలిసేది. ఆగకు" అనేది. ఈ మాట ఆమెకి డాన్సు దగ్గరే కాదు, అన్నిటికీ పనికొచ్చేది. సాయంత్రం ప్రార్థనలో కంఠతా వాక్యం చెబుతూ మధ్యలో మర్చిపోతే, తనకి తోచిన నాలుగు మాటలు అతికించి ఆమెన్ దాకా లాక్కుపోయేది. పాస్టరుగారి భార్య తప్ప ఎవరూ కనిపెట్టేవారు కాదు.

ఇక రేపల్లె. రేపల్లె అమ్మాయి మా క్లాసే. సన్నగా, చిన్నగా ఉండేది. నవ్వొస్తే నోటికి పైట అడ్డం పెట్టుకునేది. తండ్రి అక్కడ హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. ఆయన పేరెత్తితే ఈ పిల్ల గొంతు సగానికి సగం తగ్గిపోయేది. అలాంటి పిల్ల తెనాలక్క దగ్గర మాత్రం గయ్యాళి. "తల దువ్వుకోవు, కొబ్బరినూనె రాసుకోవు, పిచ్చుక గూడులా పెట్టుకుంటావు, ఇటు రా" అని జడ పట్టుకుని లాగి వరండా మెట్ల మీద కూర్చోబెట్టేది. ఊరంతటినీ ఆడించే తెనాలక్క కిక్కురుమనకుండా కూర్చునేది. ఇద్దరి బట్టలూ ఒకే బకెట్లో నానేవి. ఇంటి నుంచి వచ్చిన పచ్చడి సీసాలో మొదటి ముద్ద ఎవరిది అన్నదే వాళ్ళకి పెద్ద తగువు. నువ్వంటే నువ్వని.

ఒక సాయంత్రం మెట్ల మీద ముగ్గురం కూర్చుని ఉన్నాం. నేను ఊరికే, "అక్కా, నీకు సంబంధాలు చూస్తున్నారా?" అన్నాను. "నేనెవర్నీ చేసుకోను. చేసుకుంటే దీన్నే చేసుకుంటా" అని రేపల్లె వైపు గడ్డంతో చూపించింది. నేను పకపకా నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు. రేపల్లె తెనాలక్క చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ సవరిస్తోంది. నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా వినిపించి ఆపేశాను. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నాకు తెలుసని వాళ్ళకి తెలుసు, అంతే.

ఇప్పుడు జంట నృత్యం గురించి చెప్పాలి. మా ట్రైనింగ్ స్కూల్లో వార్షికోత్సవానికి సినిమా పాటలు నిషిద్ధం. జానపదాలు మాత్రం ఆడనిచ్చేవారు. వాటిలో అందరూ ఎదురుచూసేది కోతల పాట. చేలో పనిచేసే మొగుడూ పెళ్ళాల సరసం. మగపిల్లలు లేని స్కూలు కదా, పొడుగు పిల్లకి పంచె కట్టి, తలపాగా చుట్టి, కాటుకతో మీసం దిద్దేవాళ్ళం. ఆ పిల్ల మావ అయిపోయేది. మావ పెళ్ళాం నడుం మీద చెయ్యేసినా, బుగ్గ గిల్లినా, ముందు వరసలో కూర్చున్న సంఘపెద్దలు మురిసిపోయేవాళ్ళు. మొదటి ఏడు తెనాలక్క మావ, రేపల్లె పెళ్ళాం. మేట్రనమ్మగారు స్వయంగా తలపాగా సర్ది, "అచ్చం మొగుడూ పెళ్ళాలే! దిష్టి తగులుద్ది... ఆ మాట మనం అనకూడదులే" అన్నారు. డాన్సయ్యాక రేపల్లె వాళ్ళ నాన్నగారే స్టేజీ వెనక్కి వచ్చి తెనాలక్క భుజం తట్టి, "ఏం అల్లుడూ, మా అమ్మాయిని జాగ్రత్తగా చూసుకుంటున్నావా?" అన్నారు. అందరూ ఒకటే నవ్వు. ఇద్దరికీ చెరొక స్టీలు కంచం బహుమతిచ్చారు.

రెండో ఏడు వార్షికోత్సవం నాటికి రేపల్లెకి సంబంధం ఖాయమైంది. అబ్బాయికి వాళ్ళ ఊళ్ళోనే ఏదో ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, బుద్ధిమంతుడు, తాగుడు లేదు. పరీక్షలవ్వగానే పెళ్ళి. ఈ కబురు తెలిసిన రోజు నుంచి తెనాలక్క ఈల మానేసింది. కోతల పాటకి మళ్ళీ వాళ్ళిద్దరినే వేశారు. ప్రాక్టీసులన్నీ మామూలుగానే జరిగాయి.

ఆ రోజు మధ్యాహ్నం ఒక క్లాసుగదిలో వేషాలు వేస్తున్నాం. కాటుక, రంగు నా చేతి పని. తెనాలక్క ముందు కూర్చుని పై పెదవి తుడిచి, పుల్ల కాటుకలో ముంచాను. అప్పుడు రేపల్లె నా మణికట్టు పట్టుకుంది.

"ఆగవే వేమూరూ" అంది. తర్వాత తెనాలక్కతో, "పోయినేడు నువ్వు మీసంతో నా పక్కనుంటే ఎవడో పరాయివాడితో ఆడినట్టుంది నాకు. చప్పట్లన్నీ వాడికే. ఇదే మనకి ఆఖరు. ఒక్కసారి నీ మొహంతో ఆడవే" అంది.

"ఏమవుద్దో తెలుసా నీకు?" అంది తెనాలక్క.

"తెలుసు."

"మీ నాన్నగారొస్తున్నారు."

"రానీ."

తెనాలక్క చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు నేను చూడకూడదేమో అనిపించి కాటుక భరిణె మూత పెట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి, "చీరుందా ఇంకోటి?" అంది. దాచకుండా చెబుతున్నాను, ఆ చీర నేనే తెచ్చిచ్చాను. నాదే, ఆకుపచ్చ నేత చీర. కుచ్చెళ్ళు నేనే ఎగదోపి కట్టాను. ఆ పని చేసినందుకు ఈనాటికీ నాకు సంతోషమే.

చల్లబడ్డాక మొదలుపెట్టారు. ముందు వరస కుర్చీల్లో పాస్టరుగారు, సంఘపెద్దలు, వాళ్ళ భార్యలు. వెనక జంపఖానాల మీద ఊళ్ళ నుంచి వచ్చిన మా అమ్మలూ నాన్నలూ. సంగీతం టీచరుగారు హార్మోనియం మీద, మా వడ్లమూడి డోలక్ మీద. తెర తీసేసరికి ఇద్దరు ఆడపిల్లలు చీరల్లో, చేతుల్లో అట్ట కొడవళ్ళతో ఉన్నారు. మొదట ఎవరికీ ఏమీ తట్టలేదు. కోతకొచ్చిన ఆడకూలీలనుకున్నారేమో, చప్పట్లు కూడా కొట్టారు. వాళ్ళు ఎంత బాగా ఆడారో ఎలా చెప్పను! రేపల్లె అన్నేళ్ళూ వంచుకున్న తల ఎత్తి ఆడింది. నోటికి పైట అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

మొదటి చరణం అయ్యాక మావ కొడవలి కింద పెట్టి, తలపాగా విప్పి, దాంతో పెళ్ళాం మొహాన చెమట తుడవాలి. పోయినేడు ఈలలూ చప్పట్లూ మోగింది ఇక్కడే. ఈసారి తలపాగా లేదు కదా. తెనాలక్క తన పైటకొంగుతో తుడిచింది. నుదురు, చెంపలు, గడ్డం కింద. రేపల్లె కళ్ళు మూసుకుని నిలబడింది. నటనయితే అంత నెమ్మదిగా తుడవరు. అప్పుడు తెలిసింది జనానికి.

"ఏమే, మొగుడేడే?" అని జంపఖానాల మీద నుంచి ఒక ముసలమ్మ అరిచింది. కొందరు నవ్వారు. ముందు వరసలో ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్ అమ్మగారు లేచి చేత్తో సైగ చేశారు. హార్మోనియం ఆగిపోయింది. తెనాలక్క పెదాలు కదలడం నేను పక్క నుంచి చూశాను. ఆగకు అంటోంది. వాళ్ళు ఆగలేదు. వడ్లమూడి తల వంచుకుని డోలక్ వాయిస్తూనే ఉంది. దానికి సైగ కనపడలేదో, కనపడీ మానలేదో, నేనెప్పుడూ అడగలేదు. తెర లాగబోతే ఎప్పటిలాగే సగంలో ఇరుక్కుంది. ఆఖరికి మేట్రనమ్మగారు పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో పట్టుకుని ఈడ్చారు. పోయినేడు తలపాగా సర్దిన చేతులే అవి.

ప్రిన్సిపాల్ గదిలోకి ఇద్దర్నీ పిలిచారు. నేను వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. ప్రిన్సిపాల్ అమ్మగారు మంచావిడ. ఆమె మీద నాకింకా కోపం పోలేదు గానీ, మంచావిడ కాదంటే పాపం తగులుతుంది. ఎంత మంచావిడంటే, తప్పించుకునే దారి తనే చూపించింది.

"హడావిడిలో మీసం మర్చిపోయావు. అంతేగా అమ్మా? అట్లా అను. పెద్దలకి నేను నచ్చజెప్పుకుంటాను."

"మర్చిపోలేదండి" అంది తెనాలక్క.

"పోనీ చెమటకి చెరిగిపోయిందను."

"పెట్టుకోలేదండి. వద్దనుకున్నానండి."

"ఎందుకు వద్దనుకున్నావు?"

"నేను మగాణ్ణి కాదు కదండి."

ప్రిన్సిపాల్ అమ్మగారు నీరసంగా, "అయితే అదేం డాన్సమ్మా?" అన్నారు. "నిరుడు చేసిందేనండి. అడుగు కూడా మార్చలేదండి" అంది తెనాలక్క. అది నిజం కదా! అదే పాట, అదే ఇద్దరు, అదే చెమట తుడవడం. చిటికెడు కాటుక ఉంటే కంచం ఇస్తారు, లేకపోతే కొంప మునిగిపోతుంది. ఇదెక్కడి న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, తల నెరుస్తున్న ఇప్పుడూ అర్థం కాదు.

అప్పుడు రేపల్లె తండ్రి మాట్లాడాడు. అరవలేదు. "నీకు ముందే తెలుసా?" అన్నాడు కూతురితో.

రేపల్లె గొంతు వినపడలేదు.

"నిన్నే. తెలుసా, తెలీదా?"

"తెలీదు నాన్నగారూ."

యేసుని ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు కథ మా హాస్టల్లో కంఠతా రానిది ఎవరికి! నేను కిటికీ ఊచలు పట్టుకుని నోరు తెరిచాను. తెనాలక్క నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఒక్క ఊపు. తర్వాత హాజరు పలికినంత మామూలు గొంతుతో, "అవునండి. ఆమెకి తెలీదండి. స్టేజీ ఎక్కాకే చూసిందండి" అంది.

తెల్లారేసరికి రేపల్లె మంచం ఖాళీ. పరీక్షలు కూడా రాయలేదు. నెల తిరక్కుండా పెళ్ళయిపోయింది. తెనాలక్కని హాస్టల్ నుంచి పంపించేశారు. స్టేషన్ రోడ్డులో ఎవరో ముసలావిడ ఇంట్లో ఉండి పరీక్షలు రాసింది. పాసయింది కూడా, కానీ ఏ మిషను స్కూలూ ఉద్యోగం ఇవ్వలేదు. కబురు సంఘం నుంచి సంఘానికి ముందే చేరిపోయేది. మరుసటేడు మా స్కూల్లో అదే కోతల పాట కొత్త పిల్లలతో ఆడించారట. మీసం మాత్రం మేట్రనమ్మగారు దగ్గరుండి దిద్దించారట, బారెడు.

ఆ తర్వాత తెనాలక్క నాకు కనిపించింది తొంభైల్లోనే. అప్పటికి నాకు వేమూరులో ఉద్యోగం. ఒక ఆదివారం రేపల్లె వెళ్ళే బండి ఎక్కితే కిటికీ పక్కన కూర్చుని ఉంది. చెంపలు నెరిశాయి. నన్ను చూసి, "ఒసే వేమూరూ! అడుగులు పడుతున్నాయా?" అంది. ఆ పక్కనే కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకున్నాం. చిన్న కాన్వెంటులో పిల్లలకి డాన్సులు నేర్పుతున్నానంది. "ఏం డాన్సులక్కా?" అన్నాను. "అందరూ వరసగా నిలబడేవి. జంటలు పెట్టను. పేరెంట్స్ అడుగుతారు, మా బాబునీ ఆ పాపనీ జంటగా వెయ్యండి మేడం అని. జంటలొద్దండి, ఎవరో ఒకరు మిగిలిపోతారు అంటాను" అంది.

"ఇప్పుడెక్కడికక్కా?" అన్నాను.

"రేపల్లె."

"ఎవరింటికి?"

"ఎవరింటికీ కాదే. స్టేషన్ దాకా. బల్ల మీద కూర్చుని టీ తాగి, మళ్ళీ ఇదే బండిలో వచ్చేస్తా."

ఎందుకో నేను అడక్కముందే ఆమే అంది. "ఒకసారి బజార్లో కనపడింది. పిల్లాణ్ణి ఎత్తుకునుంది. నన్ను చూసి, 'బాగున్నారాండీ' అంది. నన్ను పట్టుకుని అండీ అందే! నేను కూడా, 'బాగున్నానండీ' అన్నాను. అప్పట్నుంచి ఊళ్ళోకి పోను. స్టేషన్ చాలు."

"ఆమె మీద కోపం లేదా అక్కా? ఆ రోజు నిన్నొక్కదాన్నే ముంచేసింది కదా?" అన్నాను. నాకుంది మరి, కడుపు నిండా ఉంది.

"నోర్మూసుకో" అంది. "అది వాళ్ళ నాన్న ముందు తలెత్తి ఆడింది. ఎంతమంది ఆడగలరు? చూశావుగా?"

"చూశానక్కా" అన్నాను. అంతే, కిటికీ వైపు తిరిగిపోయింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే చూడనట్టే ఊరుకుంది. ఎప్పుడూ అంతే ఆమె. పక్కవాళ్ళు ఏడుస్తుంటే వేరే వైపు చూసేది.

ఆ సోమవారం లెక్కల టీచరు, సమాధి కార్యక్రమం మర్నాడని, అన్నగారు హైదరాబాద్ నుంచి రావాలని చెప్పింది. మధ్యాహ్నం సెలవు పెట్టి రేపల్లె బండెక్కాను. చిరునామా తెలీదు. స్టేషన్లో హెడ్మాస్టరుగారి అల్లుడి ఇల్లంటే చెప్పారు. తలుపు తీసింది రేపల్లే. ఒళ్ళు చేసింది. నన్ను చూడగానే ఏ సంగతో ఆమెకి తెలిసిపోయింది. నేను నోరు తెరవకముందే గడప మీద కూలబడింది. భర్త ఆఫీసులో ఉన్నాడు. పిల్లాడు బడిలో. ఆమె ఏడవలేదు. సమాధి మర్నాడని చెప్పాక, "పొద్దున్నే స్టేషన్లో ఉంటా. నువ్వెక్కే బండే" అంది.

మర్నాడు బండి వేమూరు వచ్చేసరికి కిటికీలోంచి చెయ్యి ఊపింది. మంచి చీర కట్టుకుంది, తల్లో పూలు లేవు. ఇంట్లో ఏం చెప్పి వచ్చావని అడిగితే, "వెళ్తున్నానని చెప్పాను" అంది. కొంతదూరం పోయాక ఆమే మొదలుపెట్టింది.

"ఆదివారాలు స్టేషన్‌కి వచ్చేదంటగా. మా పాలామె చెప్పింది. పొడుగాటి ఆవిడ బల్ల మీద కూర్చుంటదమ్మా, ఎవరి కోసమో తెలీదు అని."

"మరి వెళ్ళలేదే?"

"వెళ్ళలేదు" అంది. తర్వాత ఒళ్ళో చేతులు చూసుకుంటూ, "ఆ రోజు తెలుసని అనుంటే ఏమయ్యేదే వేమూరూ?" అంది.

"ఏమవుద్ది? ఇద్దర్నీ తగిలేసేవాళ్ళు."

"అదే కదే" అంది. "ఇద్దర్నీ కలిపి తగిలేసేవాళ్ళు."

అప్పటిదాకా ఆమె మీద నేను దాచుకున్న కోపమంతా ఆ మాటతో పోయింది. ఆమె భుజం పట్టుకుని ఏడ్చేశాను. ఎదుటి సీటులో కూరగాయల బుట్టతో కూర్చున్న ఆవిడ, "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది. "అక్క" అన్నాను నేనే.

తెనాలిలో అక్క ఇంటి ముందు షామియానా వేసి, బల్ల మీద సమాధి పెట్టె ఉంచారు. తెల్లచీరలో, మొహం పసుపురంగు తిరిగి, తెనాలక్క ఇంకా పొడుగ్గా కనిపించింది. జీవితంలో మొదటిసారి ఆమె తల ఎవరో శుభ్రంగా దువ్వారు. కాన్వెంటు పిల్లలు యూనిఫారాల్లో వరసగా నిలబడ్డారు. పాటలు పాడారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. సహోదరి పెండ్లి లేకుండా ప్రభువు సేవలో జీవించిందని చెప్పారు. రేపల్లె షామియానా గుంజ పట్టుకుని, రెప్ప వేయకుండా వింటోంది.

పెట్టె మూసే ముందు ఫోటోలు తీయించుకోవడం మా వాళ్ళలో ఆనవాయితీ. ముందు రక్తసంబంధులు పెట్టె చుట్టూ నిలబడతారు, తర్వాత దూరపు చుట్టాలు, ఆ తర్వాత స్నేహితులు, చివర్న పనిచేసిన చోటివాళ్ళు. ఫోటోగ్రాఫర్ పెద్ద వయసాయన, ఎక్కడి నుంచో పిలిపించారు, ఎవరెవరో ఆయనకి తెలీదు. "దగ్గరివాళ్ళు రండమ్మా, దగ్గరివాళ్ళు" అని పిలిచాడు. అన్నగారు, తమ్ముడు, వాళ్ళ భార్యలు, పిల్లలు వచ్చి నిలబడ్డారు. కాళ్ళ వైపు ఇద్దరు, పక్కల్లో మిగతావాళ్ళు.

తల దగ్గర చోటు ఖాళీగా ఉంది. రేపల్లె నా చెయ్యి వదిలించుకుని నడిచి వెళ్ళి అక్కడ నిలబడింది.

అందరూ చూశారు. అన్నగారు మర్యాదగానే అడిగాడు. "ఎవరమ్మా మీరు?"

ఆమె తెనాలక్క మొహం వైపే చూస్తోంది.

"ట్రైనింగ్‌లో కలిసి చదువుకున్నారనుకుంటా" అని తమ్ముడి భార్య సర్దిచెప్పబోయింది. "స్నేహితులు తర్వాతమ్మా. ఇప్పుడు బంధువులే. కాస్త పక్కకి రండి" అని చెయ్యి పట్టుకుంది.

రేపల్లె ఆ చెయ్యి తీసేసింది. తల ఎత్తింది. షామియానా కిందున్న పాస్టరుగారికీ, సంఘపెద్దలకీ, వీధిలో నిలబడ్డవాళ్ళకీ అందరికీ వినపడేలా, "నేను ఆమె మనిషినండి" అంది.

అన్నగారు పెద్దల వైపు చూశాడు, పెద్దలు నేల వైపు చూశారు. తమ్ముడి భార్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కెమెరా కంటికి ఆనించుకున్న ఫోటోగ్రాఫర్‌కి మాత్రం ఇవేవీ పట్టలేదు. ఎండ జారిపోతోందని ఆయన తొందర ఆయనది.

"సరేనమ్మా, అట్లా దూరంగా ఉంటే ఫోటోలో పడరు. దగ్గరగా జరగండి" అన్నాడు. "ఇంకా దగ్గరగా."

ఆమె జరిగింది. పెట్టె అంచు నడుముకి ఆనుకునేదాకా జరిగింది. ఇక అంతకంటే దగ్గరగా జరగడానికి లేదు.